కాళ్లు ఆగినా చేతులు ఆగలేదు: విశాఖలో ఇంటిపట్టున చేసే పని చరిత్ర



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో మనం పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు చూసుకుంటాం. ఆ లెక్కల్లోకి ఎప్పుడూ రాని పని ఒకటుంది. వయసు మళ్లాక కాలో, చెయ్యో, కన్నో సరిగా ఆడక, ఇల్లు దాటలేని ఆడవాళ్లు గడపలో కూర్చుని చేసే పని అది. చాటలో వత్తులు, ఒళ్లో చీర ఫాలు, పక్కన అడ్డాకుల కట్ట. మన వార్డుల్లో ఏ వీధిలో చూసినా కనబడుతుంది. కానీ "మీ అమ్మ ఏం చేస్తాది?" అని ఎవరైనా అడిగితే "ఏటీ లేదు, ఇంట్లోనే ఉంటాది" అనే చెబుతాం.

ఈసారి ఈ పని చరిత్ర రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతే. పెద్దవాళ్లు చెప్పగా విన్నది, పుస్తకాల్లో చదివింది, సంఘం పనిలో చూసింది కలిపి రాస్తున్నాను. చివర్లో మహాసభ తేల్చవలసిన మాట కూడా ఒకటి ఉంది. అందుకని చివరిదాకా చదవండి, చదవలేని అక్కలకి చదివి వినిపించండి.

బలమున్న ఒంటికే పని ఇచ్చిన ఊరు

మన ఊరు పెరిగింది కండబలం మీద. ఒకప్పుడు ఓడలు ఒడ్డుకి దూరంగా సముద్రంలోనే ఆగేవి, సరుకుని పడవల మీద తెచ్చేవారు. 1933లో పోర్టు తెరిచాక ఓడలు లోపలికి వచ్చాయి. మధ్య పరగణాల్లో తవ్విన మాంగనీసు రాయిని బయటి దేశాలకి పంపడం ఆ పోర్టు కట్టిన ముఖ్య కారణాల్లో ఒకటి. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడ కట్టిన "జల ఉష" అనే ఓడని నెహ్రూ గారు నీళ్లలోకి దింపారు. 1957లో మల్కాపురం వైపు కాల్టెక్స్ ఆయిల్ కంపెనీ వచ్చింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ఉద్యమం జరిగింది, 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి పునాదిరాయి పడింది, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు.

ఈ పనులన్నీ మొయ్యడం, ఎత్తడం, ఎక్కడం, దిగడం. గట్టి ఒళ్లున్నవాడికే గేటు తెరుచుకునేది. పనిలో కాలు పోయినా చెయ్యి పోయినా పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. మన పెద్దాసుపత్రి కేజీహెచ్ మొదలైందీ ఆ ఏడాదే. అయితే ఆ పరిహారం అందాలంటే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర పనివాడుగా ఉన్నట్టు తేలాలి. ఇంట్లో కూర్చుని అప్పడాలు ఒత్తే ఆవిడకి యజమాని ఎవరు? ఆవిడ మోకాళ్లు అరిగిపోయినా, కళ్లు మసకబారినా అడగడానికి మనిషే లేడు.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీలు వెలిశాయి. ఉద్యోగాల గురించి పోరాటాలు జరిగాయి, అవి అందరికీ తెలుసు. మాట్లాడుకోనిది ఇంకొకటి ఉంది. పొలం ఉన్నప్పుడు వయసైన ఆడమనిషికి కూడా ఏదో ఒక పని దొరికేది. కాయ వలవడం, గింజ ఏరడం, ఆవుకి గడ్డి వెయ్యడం, కూర్చుని చేసే పనులే ఎన్నో. పొలం పోయాక యువకుడు ఫ్యాక్టరీ గేటు వైపు చూశాడు. ముసలమ్మ ఎటు చూడాలి?

గడపలో పని, మధ్యలో మనిషి

అలాంటివాళ్లు పని వెతుక్కున్నారు. అది చాలావరకు ఇంటి గడపలోకే వచ్చింది. ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల్ని పుల్లలతో విస్తర్లు కుట్టారు. చింతపండు గింజ తీశారు. దీపం వత్తులు చేశారు, పూలు కట్టారు, కాగితం కవర్లు అంటించారు. చీరలకి ఫాలు, జాకెట్లకి కాజాలు, హుక్కులు కుట్టారు. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు సరేసరి.

ఈ పనుల్లో ఉన్న సుగుణం ఏమిటంటే, కాలుతో పని లేదు, టైముకి హాజరు పడక్కర్లేదు. నడుం నొప్పెడితే కాసేపు పడుకుని లేచి మళ్లీ చేసుకోవచ్చు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిన పెద్దమ్మ ఒకామె మా సంఘంలో ఉంది. ఒంటిచేత్తో తొడ మీద దూది నలిపి వత్తులు చేస్తుంది. "కాలు పోనాది, ఒక సెయ్యి పోనాది. రెండో సెయ్యి పోనేదు కదేటి" అంటుంది.

కానీ సుగుణం పక్కనే కష్టం ఉంది. ఇల్లు దాటలేని మనిషి పూర్ణా మార్కెట్‌కి వెళ్లి దూది ధర అడగలేదు. వత్తుల పాకెట్టు కొట్లో ఎంతకి అమ్ముతున్నారో చూడలేదు. సరుకు తెచ్చేవాడే ధర చెబుతాడు, తీసుకెళ్లేవాడే కూలి చెబుతాడు. ఆ ఇద్దరూ చాలాసార్లు ఒకడే. ఆవిడ కదల్లేదని వాడికి తెలుసు. కాబట్టి ఆవిడకి తక్కిన వాళ్లకంటే పైసా తక్కువే ఇస్తాడు. చెయ్యి ఒకటి పోయినందుకు పని నెమ్మదిస్తుంది, కదలలేనందుకు రేటు తగ్గుతుంది. ఆవిడకి దెబ్బ రెండు వైపులా పడుతుంది.

నర్సాపురం లేసు చెప్పిన పాఠం

ఇది మన వీధి గొడవే కాదు. మన ఆంధ్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ గోదావరి జిల్లాల లేసు పని. 1844 ప్రాంతంలో దుమ్ముగూడెంలో మెక్రే అనే మిషనరీ దంపతులు ఆడవాళ్లకి లేసు అల్లడం నేర్పారని చెబుతారు. అది నర్సాపురం, పాలకొల్లు వైపు ఇంటింటికీ పాకింది. గడప దాటకుండా చేసుకునే పని కనుక పరువు పోదనుకున్నారు. చిన్నపిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ల దాకా కొక్కెం సూది పట్టుకున్నారు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మనీ పండితురాలు అక్కడికి వచ్చి పరిశోధన చేసి, 1982లో పుస్తకం వేశారు. ఆమె చూసింది ఏమిటంటే, ఆ ఆడవాళ్లు ఇంటి పనంతా చేసుకుని పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. సరుకు విదేశాలకి పోతోంది. వాళ్లకి దక్కేది మాత్రం చాలా తక్కువ. ఒకరు చేతిపని చేస్తే, ఇంకొకరు అతుకుపని చేస్తారు. మొత్తం గుడ్డ ఎలా తయారవుతుందో, ఎంతకి అమ్ముడుపోతుందో అల్లినామెకి తెలియదు. వ్యాపారులు, ఏజెంట్లు వాళ్లని కార్మికులు అనలేదు. "ఇంట్లో ఖాళీగా కూర్చుని పొద్దుపోక చేస్తారు" అన్నారు. కార్మికులు కాదంటే కనీస వేతనం అడగక్కర్లేదు కదా. అసలు కిటుకు ఆ ఒక్క మాటలోనే ఉంది.

తర్వాత అక్కడ లేసు పార్కు వచ్చింది, ఆడవాళ్లే సహకార సంఘాలుగా కూడారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు దక్కడం మంచిదే. కానీ కళ్లు పాడయ్యేదాకా అల్లిన తొలి తరాల అమ్మలకి అదేదీ అందలేదు.

అప్పడం చెప్పిన ఇంకో పాఠం

దీనికి ఎదురు ఉదాహరణ బొంబాయిలో ఉంది. 1959లో గిర్గాం దగ్గర ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ పాపడ్. వాళ్ల పద్ధతి చూడండి. పొద్దున్నే కేంద్రంలో కలిపిన పిండి తీసుకెళ్తారు, ఇంట్లో ఒత్తి ఎండబెడతారు, మర్నాడు తెచ్చి తూకం వేయించుకుంటారు, కూలి తీసుకుంటారు. ఒత్తే ప్రతి ఆడమనిషీ అందులో భాగస్తురాలే, యజమాని వేరే లేడు.

నర్సాపురంలోనూ ఇంట్లో పనే, ఇక్కడా ఇంట్లో పనే. తేడా ఎక్కడుంది? తూకం ఎవరి చేతిలో ఉంది, రేటు ఎవరు కట్టారు, లాభం ఎవరికి పోయింది, తేడా అక్కడే ఉంది. ఇంట్లో ఒంటరిగా చేస్తే చవక కూలి. సంఘం వెనక ఉంటే బతుకుతెరువు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

1972లో అహ్మదాబాదులో ఇలా భట్ గారు సేవా సంఘం పెట్టి ఇంట్లో పనిచేసేవాళ్లు, వీధుల్లో అమ్ముకునేవాళ్లు కూడా కార్మికులే అని పట్టుబట్టారు. ఇలాంటి సంఘాల ఒత్తిడి వల్లే 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 177వ నంబరు ఒప్పందం చేసింది. మన దేశం దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు. మన 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలో మాత్రం ఇంట్లో ఉండి పనిచేసేవాళ్లని కార్మికులుగా పేరుపెట్టి రాశారు. 2021లో ఈ-శ్రమ్ కార్డు వచ్చింది. అది 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకే. అరవై దాటాక కూడా వత్తులు చేస్తున్న మన పెద్దమ్మ ఆ లెక్కలోకీ రాలేదు.

సంఘాలు వచ్చాక

1988లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మన ఊళ్లో మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. పాతవాళ్లు ఓడీఏ పథకం అంటారు. వీధుల్లో సిమెంటు బాటలు, కాలవలు, దీపాలు, కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి. కాలు సరిగా లేని మనిషికి సిమెంటు బాట అంటే ఏమిటో బురదలో కర్ర దిగబడినవాళ్లకి తెలుస్తుంది. హాలు ఉంటే పది మంది కూర్చునే చోటు ఉన్నట్టే.

1992 మనందరం గుర్తుపెట్టుకోవలసిన ఏడాది. ఆ ఏడాదే ఉక్కు ఫ్యాక్టరీ జాతికి అంకితమైంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిందీ ఆ ఏడాదే. పొదుపు సంఘాలకి బ్యాంకులు నేరుగా అప్పివ్వడాన్ని నాబార్డు ప్రయోగంగా మొదలుపెట్టిందీ అప్పుడే. సారా ఉద్యమం నుంచి పొదుపు ఉద్యమం పుట్టింది, అది రాష్ట్రమంతా పాకింది. 2000లో వెలుగు వచ్చింది, 2007లో పట్టణాలకి మెప్మా వచ్చింది.

వెలుగులో ఒక మంచి పని జరిగింది. ఊళ్లలో దివ్యాంగులకి విడిగా సంఘాలు కట్టి, మండల స్థాయిలో వాళ్లకే సమాఖ్యలు పెట్టారు. మామూలు సంఘంలో వాళ్ల మాట వినబడదని అనుభవం మీద తెలిసింది. పట్టణాల్లో కూడా జాతీయ పట్టణ జీవనోపాధి పథకం నిబంధనల్లో దివ్యాంగుల సంఘానికి పది మంది అక్కర్లేదు, ఐదుగురున్నా చాలు అని రాశారు. మామూలుగా ఆడవాళ్ల సంఘాలే కట్టినా, దివ్యాంగుల విషయంలో మగవాళ్ల సంఘానికీ ఒప్పుకున్నారు.

"ఇది వయసు, వైకల్యం కాదు"

మన అమ్మల్ని వెనక్కి లాగుతున్న మాట ఇది. పుట్టుకతో వచ్చినదే వైకల్యం, వయసులో వచ్చినది కర్మ అనుకుంటారు. చట్టం అలా అనలేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. చూపు తగ్గడం, వినికిడి పోవడం, కాలుచేతుల వైకల్యంతో పాటు, చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు కూడా అందులో ఉంది. సర్టిఫికెట్టుకి వయసు పరిమితి లేదు. షుగరు వల్ల యాభైఅయిదో ఏట కాలు తీసేసిన అక్క కూడా, పక్షవాతం వచ్చిన అత్త కూడా సదరం క్యాంపుకి వెళ్లవచ్చు. వైద్యులు 40 శాతం, అంతకు మించి అని తేల్చాలి, అంతే.

పోలియో వచ్చిన అక్కల సంగతి ఇంకొకటి. 1995లో పల్స్ పోలియో మొదలవకముందు పుట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు నలభైలు, యాభైలు దాటుతున్నారు. ఇన్నాళ్లూ కర్ర మీద బరువు మోసిన భుజం ఇప్పుడు నొప్పెడుతోంది. అందరికంటే ముందే వాళ్లకి వయసు మీదపడుతుంది.

ఆ 2016 చట్టంలో మనకి పనికొచ్చే రెండు మాటలు ఉన్నాయి. పేదరికం పోగొట్టే పథకాల్లో 5 శాతం దివ్యాంగులకి కేటాయించాలి, అందులో ఆడవాళ్లకి ముందు చోటివ్వాలి. ఇలాంటి పింఛన్లలో మిగతావాళ్లకంటే దివ్యాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగుల పింఛను 6,000 అయింది. తేడా నెలకి రెండువేలు. సర్టిఫికెట్టు లేక వృద్ధాప్య పింఛనులోనే ఉండిపోయిన అమ్మలు మన వార్డుల్లో ఎవరెవరున్నారో ప్రతి సంఘం చూడాలి.

పింఛను వస్తోందిగా, పని ఎందుకు అని కొందరు కోడళ్లు అడుగుతారు. పింఛను కడుపు నింపుతుంది. పని వల్ల ఇంట్లో మాట నిలుస్తుంది. మనవరాలికి తన డబ్బుతో గాజులు కొన్న రోజు ఆ ముసలమ్మ మొహం చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పని ఇంటికి నడిచొచ్చిన రోజులు

2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రంలో మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచాలని ప్రభుత్వం అనుకుంది, కుట్టే పని సంఘాలకి ఇచ్చింది. ఊరంతా ఇళ్లలో తలుపులేసుకున్న ఆ రోజుల్లో అందరూ మన పెద్దమ్మలాగే ఇల్లు దాటలేనివాళ్లయిపోయారు. అప్పుడు పని ఇంటికి నడిచొచ్చింది. గుడ్డ ఇంటికి చేరింది, కుట్టినది లెక్కపెట్టి తీసుకెళ్లారు, ముక్కకి ఇంత అని రేటు ముందే చెప్పారు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యగలం అని తేలింది. 2022 జూలైలో ఒకసారి వాడిపారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద దేశమంతా నిషేధం వచ్చాక గుడ్డ సంచుల అవసరం పెరిగింది. అది కూడా ఇంట్లో కూర్చుని కుట్టే పనే.

ఒంటికి తగ్గట్టు పనిని మార్చుకోవచ్చు అని కూడా ఈ ఏళ్లలో నేర్చుకున్నాం. కాలుతో తొక్కలేని అక్క మిషనుకి మోటారు పెట్టించుకుని, దాని పెడలు బల్ల మీద ఉంచి మోచేత్తో నొక్కుతుంది. కింద కూర్చోలేని ఆమెకి అప్పడాల పీట బల్ల మీదికి ఎక్కింది. చూపు తగ్గినామెకి సూది పని మాని లెక్కపెట్టి పాకెట్లు కట్టే పని ఇచ్చారు. తినే సరుకు చేసేవాళ్లు ఆహార భద్రత నమోదు చేయించుకుంటే షాపులవాళ్లు కాదనరు.

రేటు కట్టడం కూడా నేర్చుకోవాలి. ఒక లెక్క చూడండి, ఇది ఉదాహరణ మాత్రమే. ఫాలు కుట్టినందుకు మధ్యలో మనిషి 20 రూపాయలిస్తాడనుకుందాం. దారం 3 రూపాయలు, మిగిలింది 17. చేత్తో కుట్టడానికి గంటన్నర పడితే గంటకి 12 రూపాయలు కూడా రాలేదు. అదే ఫాలుకి షాపువాడు చీర మనిషి దగ్గర 60 తీసుకుంటే, 40 ఎక్కడికి పోయింది? ఆ ప్రశ్న గడపలో ఒంటరిగా ఉన్నామె అడగలేదు. పది మంది తరఫున సంఘం లీడరు షాపుకి వెళ్లి అడగగలదు. పది చీరలు ఒకేసారి తెచ్చి, ఒకేసారి అప్పజెప్తానంటే షాపువాడూ వింటాడు.

మహాసభ ముందుకి

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాను. మన సంఘాల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. మెంబరుకి అరవై దాటితే, లేదా మంచాన పడితే, "ఇంక అప్పు కట్టలేదు" అని పొదుపు చేతికిచ్చి పంపేస్తాం. ఆమె స్థానంలో కోడలిని చేర్చుకుంటాం. కోడలు రావడం మంచిదే. కానీ సంఘం లేని ఆ రోజు నుంచి అత్త మళ్లీ మధ్యలో మనిషి చేతిలో పడుతుంది. సంఘం అవసరం ఎక్కువైన రోజునే సంఘం నుంచి వెళ్లిపోతోంది.

పోర్టు గేటు, ఫ్యాక్టరీ గేటు గట్టి ఒంటికే తెరుచుకున్నాయని మొదట్లో రాశాను. మన సంఘం గేటు కూడా అలాగే అయితే మనకీ వాళ్లకీ తేడా ఏముంది?

అందుకని నాలుగు తీర్మానాలు మహాసభ ముందు పెడుతున్నాను. ఒకటి, వయసు వల్లో వైకల్యం వల్లో ఎవరినీ పొదుపు నుంచి తియ్యకూడదు. బ్యాంకు అప్పు నిబంధన వేరు, సంఘంలో చోటు వేరు. రెండు, ఐదుగురు దివ్యాంగులున్న ప్రతి చోటా వాళ్ల ఇష్టం అడిగి విడి సంఘం కట్టాలి. మూడు, ప్రతి స్లమ్ సమాఖ్యలో ఇంటిపని పుస్తకం ఒకటి పెట్టాలి. ఎవరు ఏ పని చేస్తున్నారు, ముక్కకి ఎంత వస్తోంది, గంటకి ఎంత పడుతోంది అని అందులో రాయాలి. నాలుగు, సరుకు తేవడం, తిరిగి అప్పజెప్పడం అనే పనిని వారానికి ఒకరు వంతు వేసుకోవాలి. నడవగలిగిన కాళ్లు నడవలేని చేతుల కోసం వారంలో ఒక పూట తిరిగితే చాలు.

వచ్చే ఏడాది నివేదికలో పొదుపు, అప్పు వరసల పక్కన "ఇంటిపని" అని ఇంకో వరస ఉండాలి. ఆ వరసలో మన పెద్దమ్మ వత్తుల లెక్క కూడా పడాలి.